ఊరేగింపుకిచ్చిన ఫ్రెంచి కారు

డైరీ రాయడం మొదలుపెట్టిన నాడే ఒక నియమం పెట్టుకున్నాను. ఏం జరిగిందో రాయాలి, దాని మీద నాకెంత కోపం వచ్చిందో రాయకూడదు. ఎనభైల్లో గురజాలలో ఉన్నప్పటి డైరీలు ఇప్పుడు తిరగేస్తే ఆ నియమం బాగానే సాగినట్టుంది. కారు సంగతి దగ్గరకొచ్చేసరికి మాటలు మరీ పొడిగా ఉన్నాయి. 'కారు పెళ్ళికి వెళ్ళినది. ఇంజను చెడినది.' చదివినవాళ్ళకి పెద్దగా ఏమీ జరగలేదనిపిస్తుంది. జరిగింది. అప్పుడు రాయనిది ఇప్పుడు రాస్తున్నాను.

ఆ కారు మా పెదనాన్నది. పొగాకు వ్యాపారం చేసే రోజుల్లో, పాండిచ్చేరి వదిలి పోతున్న ఒక దొర దగ్గర కొని గురజాల దాకా తోలించుకొచ్చాడు. నల్లటి పొడుగు బండి. స్టీరింగు ఎడమవైపు. గేరు కడ్డీ డాష్‌బోర్డులోంచి గొడుగు పిడిలాగా బయటికొచ్చి ఉండేది. దాని పేరు పలకడం మాకెవరికీ రాలేదు కాబట్టి ఫ్రెంచి కారు అనేవాళ్ళం. పెదనాన్న పోయాక దాన్ని దొడ్లో రేకుల కొట్టంలోకి తోసేశారు. ఏటా మిరపకాయలు కల్లంలో ఎండాక టిక్కీలకి, అంటే పెద్ద గోనె బస్తాలకి, ఎత్తి దాని మీదే పేర్చేవాళ్ళు. వెనక సీట్లో కోళ్ళు పొదిగాయి. అలా ఏళ్ళకేళ్ళు గడిచాయి. ఆ కారు నాకు కావాలని ఇంట్లో ఒక్కరైనా అన్న పాపాన పోలేదు.

నాకు దాని అవసరం నా భార్య నడుం వల్ల పడింది. ఆమె దాచేపల్లి రోడ్డు మీద ఒక ఊళ్ళో టీచరు. వెన్నుపూసల మధ్య డిస్కు జారింది. గుంటూరు డాక్టరు నెలల తరబడి పడుకోబెట్టి, చివరికి ఒక మాట చెప్పి పంపాడు. "నడవొచ్చు, నిలబడొచ్చు. బస్సు మాత్రం ఎక్కకూడదమ్మా." సున్నపురాయి లారీలు తిరిగి తిరిగి ఆ రోడ్డు దుక్కి దున్నినట్టుండేది. బస్సెక్కకుండా బడికి పోయే దారి లేదు. ఆమె సెలవులన్నీ అయిపోయాయి. మళ్ళీ చేరకపోతే ఉద్యోగం వదులుకోవాల్సిందే. పెళ్ళికి ముందే తన కష్టంతో తెచ్చుకున్న ఉద్యోగం అది.

"మానెయ్యమను. మన ఇంట్లో తిండికేం తక్కువ?" అన్నాడు అన్నయ్య. ఉమ్మడి ఇంటి పెత్తనం ఆయనదే.

అప్పుడు నాకు ఫ్రెంచి కారు గుర్తొచ్చింది. చిన్నప్పుడు అందులో పొలానికి పోయేవాళ్ళం. దానికి మన బళ్ళకుండే స్ప్రింగు పట్టీలు లేవు. ఉక్కు కడ్డీలు మెలితిరిగి కుదుపుని మింగేస్తాయి. గుంటలో దిగినా ఒళ్ళో పెట్టుకున్న మజ్జిగ చెంబు తొణికేది కాదు. బాగు చేయిస్తానన్నాను. అన్నయ్య పగలబడి నవ్వాడు. "ఒరేయ్, దాన్ని ఇనప సామానోడే వద్దన్నాడు. తీసుకో, నీదే." ఆ మాట అమ్మ ముందర, వదిన ముందర అన్నాడు.

మెకానిక్కుని పిలుచుకొచ్చాను. ఊళ్ళో అందరూ భాయ్ అనేవాళ్ళు. టిక్కీలు దించి తలుపు తీసేసరికి మిరప కోరు, ఆ ఘాటు దుమ్ము, లేచి ఇద్దరం కళ్ళు కనపడకుండా తుమ్మాం. "సార్, ఇది బాగు చేసే బండి కాదు, ఊరగాయ పెట్టే బండి," అన్నాడు భాయ్. ఇంజను బిగుసుకుపోయి ఉంది. ప్లగ్గులు తీసి సిలిండర్లలో కిరసనాయిలు, ఇంజనాయిలు కలిపి పోసి నానబెట్టాం. రోజూ సాయంత్రం నేను కారు ముందర హ్యాండిల్ పెట్టి ఇంజను తిప్పి చూడడం, అది కదలకపోవడం. భాయ్ దగ్గరున్న అంబాసిడర్ పానాలు దీని నట్లకి పట్టక జారిపోయేవి. నరసరావుపేటలో ఫియట్ కార్లు చూసే షెడ్డు నుంచి వేరే పానాలు అడిగి తెచ్చాం. పెట్రోలు ట్యాంకులో అడుగున తుప్పు, తారు లాంటి జిగురు. గులకరాళ్ళేసి ఊపి ఊపి కడిగాం. బ్రేకుల రబ్బర్లు సున్నం ముక్కల్లా విరిగాయి. అవి ఎక్కడా దొరక్క అంబాసిడర్‌వి అరగదీసి అమర్చాడు భాయ్. మధ్యలో రెండుసార్లు పోట్లాడి వెళ్ళిపోయాడు. రెండుసార్లూ నేనే వెళ్ళి టీ తాగించి తెచ్చుకున్నాను.

చివరికి ఒకనాడు హ్యాండిల్ తిరిగింది. మరికొన్నాళ్ళకి నల్లగా పొగ కక్కి ఇంజను పలికింది. ఆ పొగ చూసి అమ్మ దిష్టి తీసింది. రేడియేటరు సంగతి భాయ్ ముందే చెప్పాడు. "లోపల సగం పూడిపోయింది సార్. గాలి తగిలేలా పోతుంటేనే ఇంజను చల్లగా ఉంటది. మెల్లగా ఈడ్చారో, ఉడుకుద్ది."

నేను కాలవల మీద ఓవర్సీరుని. పొద్దున్నే ఆమెని బడి దగ్గర దించి పనికి పోయేవాణ్ణి, సాయంత్రం మళ్ళీ ఎక్కించుకొచ్చేవాణ్ణి. ఆమె ఏ బాధా లేకుండా దిగి నడిచి లోపలికి పోయేది. అదొక్కటే నాకు కావలసింది.

ఇంతలో ఊరికి ఇంకోటి కనపడింది. స్టీరింగు ఎడమవైపు కదా, ఆమె కుడివైపు కూర్చునేది. ఎదురుగా వచ్చే వాళ్ళకి, మామూలుగా డ్రైవరుండే చోట చీర కట్టుకున్న మనిషి! కారు తోలుతోంది పంతులమ్మేనని ప్రచారమైంది. పక్కన మొగుణ్ణి కూర్చోబెట్టుకుని తోలుతోందన్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకునే తోలుతోందని ఒకడు నాతోనే అన్నాడు. మేమిద్దరం నవ్వుకున్నాం. అన్నయ్య నవ్వలేదు. ఎరువుల కొట్టు దగ్గర ఎవరో "మీ మరదలు గేర్లు బాగా మారుస్తదంట గదా" అన్నారట. ఇంటికొచ్చి చెప్పు విసిరేశాడు. స్టీరింగు ఎటుందో ఆయనకి తెలీదా? చిన్నప్పుడు అదే కారెక్కి తిరిగినవాడు! తెలిసీ ఊళ్ళో వాళ్ళకి చెప్పలేదు.

ఆ మాఘంలో వదిన మేనల్లుడి పెళ్ళి. ఒక శనివారం బడికి సెలవు కావడంతో, కారు ఇంట్లోనే వదిలి మాచర్ల వైపు పని మీద వెళ్ళాను. సాయంత్రం బస్సులో తిరిగొస్తుంటే గురజాల మొదట్లోనే ఆగిపోయింది. ముందు పెళ్ళి ఊరేగింపు. దిగి చూస్తే నా కారు! బంతిపూల దండల కింద, పెళ్ళికొడుకుతో, మనిషి నడక కంటే నెమ్మదిగా పోతోంది. ముందర బ్యాండు, దాని ముందర కుర్రాళ్ళ ఎగురుళ్ళు. బానెట్టు సందుల్లోంచి ఆవిరి లేస్తోంది. అది చూసి "ఒరేయ్, కారు సాంబ్రాణేసింది చూడండ్రా!" అని ఒకడు ఈలేశాడు.

"ఆపండి! ఇంజను ఆపెయ్యండి!" అని అరిచాను. డప్పుల మోతలో నా గొంతు నాకే వినపడలేదు. తోసుకుంటూ పోతుంటే ఒకడు నా చెయ్యి పట్టుకుని "రా బాబాయ్, నువ్వూ ఎగురు," అని తిప్పాడు. విదిలించుకున్నాను. నేను కారు చేరేలోపు, దాన్ని తోలుతున్న లారీ డ్రైవరు బానెట్టు లేపి, ఎవరో అందించిన బిందెడు చల్లటి బావి నీళ్ళు ఆ ఉడుకుతున్న ఇంజను మీద, రేడియేటరులో ధారగా పోశాడు. టప్పుమని ఒక చప్పుడు. ఆ చన్నీళ్ళకి ఇంజను హెడ్డు, సిలిండర్ల మీద మూతలా ఉండే దిమ్మ, పగిలింది.

పెళ్ళికొడుకుని దింపి ట్రాక్టరెక్కించారు. బ్యాండు ఆగను కూడా ఆగలేదు.

ఇంటికి పోయేసరికి నా భార్య గోడ పట్టుకుని నిలబడి ఉంది. జరిగింది చెప్పింది. ఆయన వచ్చేదాకా ఆగండి బావగారూ అని బతిమాలిందట. "ఇంటి కారుకి నీ సెలవేందమ్మా?" అని అన్నయ్య మేకుకి తగిలించిన తాళం తీసుకుపోయాడు.

అన్నయ్య రాగానే అడిగాను. "నాదే అన్నావు గదా?"

"తుప్పు పట్టినప్పుడు అన్నాన్లేరా. పెళ్ళివాళ్ళు నోరు తెరిచి అడిగితే లేదనమంటావా? పోయింది ఇనప ముక్క. ఏందిరా ఇంత రాద్ధాంతం?"

"సోమవారం మా ఆవిడ బడికెట్లా పోతది?"

"అదే గదా నేను మొదట్నుంచీ మొత్తుకునేది! పోవద్దనే. దేవుడే ఒక దారి చూపించాడు."

దేవుడి మీదికి తోశాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు మండేది అక్కడే. కారు పగిలినందుకు కాదు. పగిలాక ఆయన ముఖంలో కనపడిన నిమ్మళానికి.

నేను ఏదో అనేలోపు నా భార్య మాట్లాడింది. "బావగారూ, బస్సు వద్దన్నాడు డాక్టరు. ఆ ఊళ్ళో కాపురం వద్దనలేదు. రేపే పోతాను."

"ఏమే, వేరు పడతావా?" అని అమ్మ నోరు నొక్కుకుంది.

"ఉద్యోగానికి పోతున్నా అత్తయ్యా. వేరన్న మాట మీరంటున్నారు."

ఆదివారం పొద్దున్నే రెండెడ్ల బండి మాట్లాడాను. గడ్డి మందంగా పరిచి, పైన పరుపులు రెండేసి పడుకోబెట్టాను. ఎడ్లు అడుగులో అడుగేసి నడిచాయి. లారీ వచ్చినప్పుడల్లా పక్కకి తీసి ఆపాం. ఎండ నడినెత్తికొచ్చాక ఊరు చేరాం. బడి వెనకే ఒక రైతు ఇంట్లో గది ఇచ్చారు. సోమవారం గంట కొట్టేసరికి ఆమె తరగతి గదిలో ఉంది. ఆమె నిలబడి హాజరు పిలవడం కిటికీలోంచి చూసి, బస్సెక్కి గురజాల వచ్చాను.

దొడ్లోకి తోసుకొచ్చి పడేసిన కారు దండలతోనే ఉంది. అప్పటికే దాని మీద రెండు టిక్కీలు ఎక్కాయి! నా చేతులతో వాటిని కింద పడేశాను. ట్రాక్టరు పిలిచి తాడు కట్టించాను. "ఇంటి కారు ఎక్కడికి రా?" అని అన్నయ్య అరుగు మీద నుంచి అరిచాడు. నేను కారెక్కి స్టీరింగు పట్టుకున్నాను.

భాయ్ షెడ్డులో బానెట్టు ఎత్తి, పగులు మీద వేలు పెట్టి చూసి చానాసేపు తల ఊపాడు.

"మళ్ళీ మొదట్నించా సార్?"

"మొదట్నించే."

"బాగయ్యాక మళ్ళీ పెళ్ళిళ్ళకి అడుగుతారు మీవాళ్ళు," అన్నాడు నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. "అడగనీ. ముందు ఇంజను దించు," అన్నాను.