నా గురకలో కోసి పారేసిన ముక్కలు

ఇన్నేళ్లలో నా వైపు సంగతేమిటని నన్ను ఒక్కరూ అడగలేదు. సినిమా కార్మికుల యూనియన్ ఆఫీసులో మూడుసార్లు చెప్పబోయాను. మూడుసార్లూ టీ తెప్పించి మాట మార్చారు. అందుకే రాస్తున్నాను.

ఎనభైల్లో ఫిల్మ్‌నగర్‌లోని ఒక డబ్బింగ్ థియేటర్లో నేను అసిస్టెంటుని. తెర మీద పెదవుల కదలికకీ నటులు చెప్పే మాటకీ పొంతన కుదిరిందో లేదో చూసి స్క్రిప్టులో టిక్కు పెట్టడం నా పని. సినిమాను చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క తలా తోకా అతికించి, అదే దృశ్యం పదేపదే తిరిగేలా చేసేవారు. దాన్ని లూపు అనేవాళ్లం. చీకటి గది, చల్లటి ఏసీ, ఒకే వాక్యం ఇరవైసార్లు. అక్కడ ఎవరికైనా నిద్రొస్తుందంటారు. నాకు బంజారాహిల్స్ ఎక్కే బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డా వచ్చేది. రాత్రి ఎనిమిది గంటలు పడుకుని లేచినా వచ్చేది. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. నాకు ‘కునుకుగారు’ అని పేరు మాత్రం పెట్టారు.

మా సౌండ్ ఇంజనీరు నాకు పని నేర్పిన మనిషి, అందరికీ గురువుగారు. ఒకరోజు భోజనాల విరామంలో నేను సోఫా మీద ఒరిగితే, మైకు తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టి గురకంతా టేపు మీద పట్టారు. హాస్యనటుడు పడుకునే దృశ్యానికి గురక కావాలట. నేను లేచేసరికి స్పీకర్లలో నేనే. అందరూ కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. ఏం చేయను?

సినిమా విడుదలయ్యాక నా గురకకి హాల్లో ఈలలు పడ్డాయి. టైటిల్స్‌లో నా పేరు పడలేదు. అది కూడా గుర్తుంది.

తరవాతి సినిమాలో నాయిక మాట రెండు లూపుల్లో పెదవులకు కలవలేదు. నేను కునుకులోనే టిక్కులు పెట్టేశాను. ప్రివ్యూలో బయటపడింది. గురువుగారు అందరి ముందూ అన్నారు: “బద్ధకం అచ్చుపోస్తే నువ్వేనయ్యా. ఇంటికెళ్లి హాయిగా పడుకో, రేపట్నించి రావొద్దు.”

తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ ఆయన తిట్టింది తప్పును కాదు, మనిషిని. ఆ ‘బద్ధకం’ అనే మాట జూబ్లీహిల్స్‌లో నాకంటే ముందు నడిచింది. నేను ఏ ఆఫీసు మెట్లెక్కినా అది అప్పటికే లోపల కుర్చీ వేసుకుని కూర్చుని ఉండేది. చివరికి ఒక పత్రికలో ప్రూఫులు దిద్దే పనిలో చేరాను. అక్కడా నిద్రే.

తొంభైలు సగం గడిచాక, కుర్చీలోంచి జారిపడి నుదురు చిట్లితే మా ఆవిడ నన్ను బంజారాహిల్స్‌లోని ఒక ఆస్పత్రికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ వరసగా అడిగింది. పడుకోబోతే కాళ్లు లాగుతాయా? గట్టిగా నవ్వితే మోకాళ్లు పట్టు వదిలేస్తాయా? ఒక్కో ప్రశ్న వెనక ఒక్కో నిద్ర జబ్బు ఉందట. ఆఖరున, నిద్రలో ఊపిరి ఆగుతుందా అంది. మా ఆవిడ తల దించుకుంది. పెళ్లయిన రెండో నెల నుంచీ ఆవిడ చెవుల్లో దూది పెట్టుకునే పడుకుంటోంది.

సాక్ష్యం లేదే అనుకుంటుంటే సినిమా గుర్తొచ్చింది. వీడియో సంపాదించి, ఆ దృశ్యంలోని గురకను టేప్‌రికార్డర్లో పట్టుకెళ్లి వినిపించాను. డాక్టరమ్మ శ్రద్ధగా విని, గడియారంలా నడుస్తోంది, ఎక్కడా ఆగడం లేదు, ముందు బరువు తగ్గి చూడండి అంది.

తిరిగి వస్తుంటే బస్టాపులో మా పాత ప్రొజెక్టర్ ఆపరేటరు కనిపించాడు. బోరబండ మనిషి. సంగతి విని నా భుజం పట్టుకున్నాడు.

“గట్లెట్లయితదన్నా? నడుమ నడుమ నీ గురక బందయ్యేది. సచ్చిండేమో అని నేను ఉరికొచ్చిన. ఆ ఖాళీ జాగలన్నీ సారు బ్లేడుతోని కోసి పారేసిండు. సప్పుడు లేకుంటె జనం నవ్వరన్నడు.”

కామెడీలో ఖాళీ ఉండకూడదు. మా వృత్తిలో అది మంచి పనితనం. ఆ పనితనంతోనే ఆయన నా జబ్బును కత్తిరించి చెత్తబుట్టలో వేశారు.

ఆపరేటరును వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాను. ఈసారి డాక్టరమ్మ ఒక రాత్రి అక్కడే పడుకోమంది. తలకీ, కళ్ల పక్కనా, గడ్డానికీ వైర్లు అంటించారు. ఛాతీకి పట్టీ, ముక్కు దగ్గర సన్నటి తీగ, వేలికి క్లిప్పు. పక్క గదిలో యంత్రం ముళ్లు కాగితం మీద గీతలు గీస్తుంటాయి. ఇన్ని తగిలిస్తే నిద్రెలా వస్తుందని అడిగాను. జవాబు వినేలోపే నిద్రపోయానట. పొద్దున కాగితాన్ని రీలులా బల్ల మీద పరిచి చూపించింది. ఛాతీ గీత ఎగిసెగిసి పడుతోంది, ముక్కు గీత మాత్రం చదునుగా ఉంది. గొంతు మూసుకుపోయి గాలి ఆడటం లేదు. మెదడు సగం మేలుకుని ఊపిరి లాగుతుంది, మళ్లీ మూత. తెల్లవార్లూ అంతే.

“మీరు బద్ధకస్తులు కారండీ,” అంది. “రాత్రంతా గాలి కోసం కుస్తీ పడుతున్నారు.”

పక్కకి తిరిగే పడుకోమంది. వెల్లకిలా దొర్లకుండా మా ఆవిడ బనీను వీపున జేబు కుట్టి అందులో బంతి పెట్టింది. ముక్కుకి తొడుగు పెట్టి గాలి ఊదే యంత్రం కూడా తరవాత వచ్చింది. ఇప్పుడు సినిమాలు మొదటినుంచి చివరిదాకా మెలకువగా చూస్తున్నాను. చాలావాటికి అంత అవసరం లేదని తెలిసింది.

రిపోర్టు నకలు గురువుగారికి రెండుసార్లు పంపాను. జవాబు లేదు. ఆమధ్య ఒక పెళ్లి విందులో ఎదురుపడితే, పక్కవాళ్లకి నన్ను “మన గురక హీరో” అని పరిచయం చేసి, ప్లేటు పట్టుకుని స్వీట్ల వైపు వెళ్లిపోయారు.

గురువుగారూ, గుండుసూది పడినా పట్టుకునే చెవి మీది. బ్లేడు పెట్టే ముందు ఆ ఖాళీలు ఒక్కొక్కటే విని ఉంటారు. ఊపిరి ఆగిన మనిషి పక్క సోఫాలోనే ఉంటే, ఒంట్లో ఎలా ఉందయ్యా అని ఎందుకు అడగలేదు? నేను బద్ధకస్తుణ్ణా, రోగినా? ఆ మాట అందరి ముందూ అన్నారు. జవాబు కూడా అందరి ముందే చెప్పండి.