మరుగునీళ్ల బాబాయ్ వాటా

ఏటా వేటకు అనుమతి ఇచ్చే రోజుల్లో దుప్పిని కొట్టి తెచ్చినవాళ్లంతా ఆ కసాయి కొట్టు ముందే బండి ఆపేవాళ్లు. వేరే కొట్లు లేకపోలేదు, కానీ శుభ్రమంటే ఇతనిదే మరి! ఒక జంతువును కోయడం అయిందంటే కత్తులూ రంపమూ గుండిగలో పడాల్సిందే, నీళ్లు తెర్లాల్సిందే. అలా ఊరందరికీ మరుగునీళ్ల బాబాయ్ అయిపోయాడు.

"బాబాయ్, నీ కత్తికి జ్వరం తగ్గిందా?" అని వేళాకోళం చేసేవాళ్లు.

"కత్తి మరిగితేనేరా నీ కడుపు చల్లగా ఉండేది!" అనేవాడు.

కూలితో పాటు ప్రతి దుప్పి మెడా, వెన్నెముకతో సహా, అతని వాటా. అది ఇంకెవరికీ వెళ్లదు, మనవరాలికే. పుట్టినప్పుడు పిట్టంత ఉన్న పిల్ల, ఆ ఎముకలు ఉడికించిన రసం తాగే నిలదొక్కుకుందని అతని నమ్మకం. అది మూలుగ జుర్రుతుంటే కళ్లప్పగించి చూసేవాడు, వెర్రి తాత!

ఆ ఏడు వేట రోజులు ముగిశాక పశువుల డాక్టరమ్మ కొట్టుకు వచ్చింది. స్టూలు చూపించినా కూర్చోలేదు.

"బాబాయ్, ఆ బక్క దుప్పి గుర్తుందా? దాని తల పరీక్షకి పంపాం కదా. మెదడుని తినేసే రోగం ఉందని తేలింది."

"ఎందుకు గుర్తులేదు? తూలుతూ నడుస్తోందని, జాలిపడి కొట్టానన్నాడు తెచ్చినాయన. అయినా నాకేం భయమమ్మా, కత్తులు అప్పుడే మరగబెట్టేశా."

"అది చెప్పడానికే వచ్చాను. ఇది చావడానికి పురుగు కాదు, పాడైపోయిన ప్రోటీను. నీళ్లు మరిగించినా పోదు, వండినా పోదు. మెదడులో, వెన్నుపాములో మరీ ఎక్కువ. తర్వాత వచ్చినవాటిని కూడా ఆ రంపంతోనే కోశావా?"

అతను తలూపాడు. ఇన్నాళ్ల గొప్ప ఒక్క మాటతో నీరుగారిపోయింది. కానీ అతని గుండెలో రాయి పడింది అందుకు కాదు.

"మనుషులకి వస్తుందా?"

"దుప్పుల నుంచి ఎవరికీ వచ్చినట్టు ఇంతవరకు తేలలేదు. రాదని మాత్రం చెప్పలేను. ఆవుల్లో ఇలాంటిదే వస్తే, ఆ మాంసం తిన్నవాళ్లలో కొందరికి అంటింది. బయటపడటానికి ఏళ్లు పట్టింది."

"ముందే తెలుసుకునే పరీక్ష?"

"ఒంట్లో బాగున్నవాళ్లకి చేసే పరీక్ష ఏదీ లేదు బాబాయ్. ఆ వెన్నెముక ఎవరికైనా ఇచ్చావా?"

"బయటవాళ్లకి ఇవ్వలేదమ్మా" అన్నాడు.

ఇంటికి వెళ్లేసరికి పొయ్యి మీద గిన్నె ఉంది. దాచిన ఎముకల్లో ఆఖరివి. గిన్నె ఎత్తి పక్కన పెట్టేశాడు.

"ఇదేం చోద్యం! పిల్ల నోటి దగ్గరది లాక్కుంటారా?" అని భార్య విరుచుకుపడింది.

"తాతా, నా మూలుగ!" అంటూ మనవరాలు పరుగెత్తుకొచ్చింది. గడప తగిలి ముందుకు తూలి, గోడ పట్టుకుని నిలబడింది.

"కళ్లు నెత్తికెక్కాయా ఏంటే!" అని అమ్మమ్మ పకపకా నవ్వింది. పిల్లా నవ్వింది.

అతను నవ్వలేదు. నేల మీద చతికిలబడి, "మళ్లీ నడువమ్మా, చూస్తాను" అన్నాడు.

ఆటేమో అనుకుని పిల్ల ఆ గోడ నుంచి ఈ గోడకు చక్కగా నడిచింది.

"ఇంకోసారి నడువు తల్లీ" అన్నాడు.