నలభయ్యో గుండుసూది

దారం కండె ఇంకా రాలేదు. చేతులు ఖాళీగా ఉంటే తోచని మనిషి కనుక టైలరమ్మ తన డబ్బా మూత తీసి గుండుసూదులు లెక్కపెట్టింది. ముప్పై తొమ్మిది వచ్చాయి. లెక్క తప్పి ఉంటుందని ఒక్కొక్కటే తీసి సూదుల మెత్తకు గుచ్చుతూ మళ్ళీ లెక్కపెట్టింది. ముప్పై తొమ్మిదే.

నలభై ఉండాలి. ఎర్ర తలకాయల గుండుసూదులు, మనిషికి నలభై. అవి కుట్టుపని జరిగే ఆ తెల్లటి హాలు దాటి పోకూడదు, హాల్లో ఎక్కడా రాలి ఉండకూడదు.

ఇరవై రెండేళ్ళు ఆమె మెట్ల కింది కొట్లో బడిపిల్లల యూనిఫారాలు కుట్టింది. ఉపగ్రహాలు తయారుచేసే ప్రభుత్వ షెడ్డులో నిదానమైన చెయ్యి ఉన్నవాళ్ళు కావాలంటే, నవ్వులాటకు వెళ్ళి పరీక్షకు కూర్చుని నెగ్గింది. తీగలు లాగలేని కొండలకూ దీవులకూ ఇంటర్నెట్ అందించడానికి వందలకొద్దీ చిన్న ఉపగ్రహాలను భూమికి దగ్గరగా తిప్పుతారట. గడువు లోపల సగమైనా పైకి ఎక్కకపోతే ఆకాశంలో వాటికి కేటాయించిన బాట ఇంకెవరికో పోతుందట. ఒక్కో ఉపగ్రహానికి మూడు దుప్పట్లు. ఊపిరి తగిలితేనే లేచిపోయేటంత పల్చని మెరుపు పొరలు పదిహేను పేర్చి అంచులు కుట్టాలి. ఎండవైపు మాడిపోకుండా, నీడవైపు గడ్డకట్టకుండా కాపాడేవి అవే. పైన అంత చలేస్తే రెండు బొంతలు కూడా పంపకపోయావా వదినా అని వీధిలో ఆడవాళ్ళు ఆటపట్టించేవారు.

నవ్వులాట కానిది ఒక్కటే, గుండుసూది. మొదటిరోజే తనిఖీ సారు చెప్పాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి ఆయన. పొరల మధ్య మరిచిన సూది పైకి వెళ్ళాక తేలుతూ వెళ్ళి రెండు తీగల మధ్య ఆనుకుంటే ఉపగ్రహం చచ్చిపోతుంది. చచ్చినది ఊరికే ఉండదు, అంత వేగంతో దారికి అడ్డంగా తిరుగుతూ ఉంటుంది. వెనక వచ్చేవాటన్నిటికీ గండమే.

అందుకే సాయంత్రం ఒకరి డబ్బా ఒకరు లెక్కపెట్టి పుస్తకంలో సంతకం చెయ్యాలి. టైలరమ్మకు జోడీ ఆమె తోడికోడలు, మరిది భార్య. చేతిలో పనితనం ఉన్న పిల్ల అని సారును బతిమాలి ఉద్యోగం వేయించింది కూడా టైలరమ్మే.

దారం వచ్చింది. కుట్టబోతే కుట్టు వంకర పోయింది. నిన్నటి సంగతి గుర్తుకొచ్చింది. కొట్టు రోజుల్లో గుండుసూదులు పెదవుల మూలన పట్టుకోవడం ఆమెకు ఊపిరంత అలవాటు. ఇక్కడ అది నిషేధం. అయినా నిన్న మధ్యాహ్నం అంచు జారిపోతుంటే మాస్కు ఎత్తి రెండు సూదులు పెదవుల మధ్య పెట్టుకుంది. ఒకటి తీసినట్టు గుర్తు. రెండోది తీసిందా? ఆ సమయంలోనే తోడికోడలు ఏదో అంటే నవ్వు వచ్చి పొలమారింది. అప్పటినుంచీ గొంతులో ఏదో గీరుకుంటున్నట్టే అనిపిస్తోంది. మింగేశానా? లేక దుప్పట్లోకి జారిందా? నిన్నటి దుప్పట్లు పక్క హాలుకు వెళ్ళి ఉపగ్రహానికి తొడిగేశారు కూడా. ఇంకో పదకొండు రోజుల్లో పద్దెనిమిది ఉపగ్రహాలు పైకి పోతాయి.

అన్నం వేళకు తోడికోడలిని చేతులు కడుక్కునే చోటికి లాక్కెళ్ళింది.

"నిన్న నా డబ్బా లెక్కపెట్టావా?"

"సంతకం పెట్టాను కదక్కా."

"సంతకం సంగతి కాదే. లెక్కపెట్టావా?"

ఆ పిల్ల కుళాయి కట్టేసి మళ్ళీ తిప్పింది. "నీ డబ్బా నేను లెక్కపెట్టేదేంటి. నీ చెయ్యి నాకు తెలీదా."

విషయం విని తోడికోడలు గోడకు ఆనుకుంది. ఆమె మొగుడు కాలు విరిగి మంచంమీద ఉన్నాడు, ఇల్లు ఈ జీతం మీదే నడుస్తోంది. చెప్పొద్దని వేడుకుంది. ఆకాశంలో ఒక్క సూదిని ఎవరు వెతుకుతారంది. పోయిన ఏడు స్క్రూడ్రైవర్ పోయిందని నిజం చెప్పినవాడు ఇప్పుడు గేటు బయట టీ అమ్ముకుంటున్నాడంది. "చెప్తే ఇద్దరం పోతాం. చెప్పకపోతే ఎవరూ పోరు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. టైలరమ్మకు తోచిన దారి ఒక్కటే. సూది తన కడుపులో ఉంటే దుప్పట్లో లేనట్టే కదా. ఒక పూట సెలవు పెట్టి, ఆటో ఎక్కి, ఎక్స్‌రే గదికి వెళ్ళింది. గుండుసూది మింగానని చెబితే అక్కడి కుర్రాడు కంగారుపడి ముందు ఆమెనే లోపలికి పిలిచాడు. చల్లటి పలకకు ఛాతీ ఆనించి, ఊపిరి బిగబట్టి ఆమె మనసులో అనుకున్నదల్లా ఒకటే. ఉండాలి. గొంతులో ఉన్నా సరే, పేగులో గుచ్చుకున్నా సరే. కోసి తీస్తారు, అంతే కదా.

కుర్రాడు ఫిల్ములు వెలుతురుకు పెట్టి పైనుంచి కిందికి వేలితో చూపించాడు. "ఎక్కడా ఏమీ లేదమ్మా. హాయిగా ఇంటికెళ్ళండి." ఆమె బల్లమీద కూలబడి ఏడ్చింది. సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకుని పాపం అతను మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఇంటికి వెళ్ళలేదు. అదే ఆటోలో షెడ్డుకు తిరిగి వచ్చేసరికి తనిఖీ సారు చేతికి తొడుగులు వేసుకుంటున్నాడు. తలుపు దగ్గరే నిలబడింది.

"నా డబ్బాలో ఒక సూది తక్కువ సార్. నా కడుపులో లేదు, చూపించుకుని వచ్చాను."

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది ఆమెకు. తోడికోడలిని పిలిపించి, పుస్తకం ముందు పెట్టి, నిజంగా చివరిసారి ఎప్పుడు లెక్కపెట్టావని అడిగాడు. నిన్న ఒక్కరోజే మరిచానని అనవచ్చు ఆ పిల్ల. అంటే మూడు దుప్పట్లు విప్పి చూస్తే సరిపోతుంది. టైలరమ్మ ఆమె వైపు చూడలేదు, చూస్తే బెదిరించినట్టు అవుతుందని.

"మొదటి నెల లెక్కపెట్టాను సార్," అంది తోడికోడలు. "తర్వాత లేదు."

సారు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అంటే ఆ సూది ఆరు నెలల్లో ఏ రోజైనా పోయి ఉండవచ్చు. నలభై సూదులూ ఒకేసారి ఎవరికీ అవసరం పడవు కనుక ఎవరికీ తెలియలేదు. ఆ ఆరు నెలల్లో ఆమె దుప్పట్లు కప్పుకున్నవి ఇరవై ఆరు ఇప్పటికే పైన తిరుగుతున్నాయి.

నేలమీద ఉన్న పద్దెనిమిదింటినీ అతుకులు చూసే ఎక్స్‌రే యంత్రం కిందికి ఒక్కొక్కటిగా తోశారు. ఒక్కోదానికి సగం రోజు. ఏ నీడ కుట్టుదో, ఏ నీడ మడతదో కుట్టినవాళ్ళకే తెలుస్తుంది కనుక ఇద్దరినీ తెర ముందు కూర్చోబెట్టారు. ప్రయోగం వాయిదా పడింది. రాజధాని నుంచి పెద్దలు వచ్చి అద్దం అవతల నిలబడి చూసి వెళ్ళారు. తోడికోడళ్ళిద్దరి పేర్లూ షెడ్డులో అందరి నోళ్ళలో నానాయి. తోడికోడలు పక్కనే కూర్చుంది కానీ పల్లెత్తు మాట ఆడలేదు. ఇంటి దగ్గర కంచం ముందు కూర్చున్నా టైలరమ్మకు ఒకటే ఆలోచన. నేలమీది వాటిలో దొరకకపోతే పైనున్న ఇరవై ఆరింటిలో ఒకటి. దాన్ని ఎవరు విప్పుతారు? ఏ రోజు చస్తుందో అని ఎన్నేళ్ళు ఎదురుచూడాలి?

ఎనిమిదో రోజుకు పదహారు అయ్యాయి. సూది లేదు. మిగిలినవి రెండు.

తొమ్మిదో రోజు పొద్దున పదిహేడోది వచ్చింది. తెరమీద బూడిదరంగు పొరలు మెల్లగా జరుగుతున్నాయి. టైలరమ్మ కళ్ళు చెమర్చి మసకబారాయి, తుడుచుకోవడానికి తల వంచింది.

"అక్కా," అంది తోడికోడలు, తొమ్మిది రోజుల తర్వాత. "అది కుట్టు కాదు."

గీత గీసినట్టు తిన్నగా, నల్లగా, ఒక చివర గుండ్రటి తల. దుప్పటి అంచున తొమ్మిదో పొరకూ పదో పొరకూ మధ్య పడుకుని ఉంది. పుస్తకం చూస్తే అది అయిదు వారాల కిందట కుట్టిన దుప్పటి. పెదవుల మధ్య పెట్టుకున్న ఆ రెండు సూదులకూ దీనికీ సంబంధమే లేదు.

సారు ఇద్దరినీ ఉద్యోగంలోంచి తీయలేదు. జోడీ మాత్రం విడగొట్టాడు. ఒకే ఇంటి మనుషులు ఒకరి డబ్బా ఒకరు లెక్కపెట్టకూడదని గోడకు కాగితం అంటించారు. పదిహేడోదాన్ని పక్కన పెట్టి, దాని చోట అంత బరువున్న ఇనప దిమ్మె బిగించి మిగతావి పంపడానికి నిశ్చయించారు.

సాయంత్రం బస్సులో తోడికోడలు ఎక్కడో ముందు సీటులో కూర్చుంటుందనుకుంది టైలరమ్మ. ఆ పిల్ల వచ్చి జరగమన్నట్టు భుజంతో నెట్టి పక్కనే కూలబడింది. రెండు స్టాపులు గడిచాయి.

"నాకు జోడీగా ఆ మూడో టేబుల్ ఆవిడను వేశారు," అంది చివరికి. "మహా చండశాసనురాలట. ఒక్కో సూదినీ తిప్పి తిప్పి చూస్తుందట."

"మంచిదేగా."

"మంచిదే." "అక్కా, దొరికింది కదా. ఇంకా దేని గురించి ఆలోచిస్తున్నావు?"

టైలరమ్మ ఇంకా లెక్క వేస్తూనే ఉంది. ఈ ఆరు నెలల్లో పోయినది ఒక్క సూదే, అది దొరికింది. మరి అంతకుముందు, ఈ షెడ్డులో తాము చేరకముందు, ఆ టేబుళ్ళ దగ్గర కూర్చుని కుట్టినవాళ్ళ డబ్బాలు ఎవరు లెక్కపెట్టారో ఆమెకు తెలియదు. అడగాలంటే రేపు మళ్ళీ ఆ తలుపు దగ్గరే నిలబడాలి.

"నాతో వస్తావా రేపు, సారు దగ్గరికి?" అంది.

తోడికోడలు కిటికీలోంచి బయటికి చూసింది. వాళ్ళ స్టాపు వచ్చింది. దిగేటప్పుడు, చీకటి పడకపోయినా, చిన్నపిల్లలా అక్క చెయ్యి పట్టుకుని దిగింది.