సరిహద్దు అవతల వదిలేశారు

వరంగల్‌లో మా ఆయన మరమగ్గం మూతపడ్డ ఏడాది నేను షార్జా వెళ్లాను. నాకు మగ్గం వర్క్ వచ్చు. బట్టను చట్రానికి బిగించి, సూదితో పూసలూ జరీ కుట్టే పని. అక్కడ బురఖాల మీద అదే పని చేయించే కార్ఖానా ఒకటి ఉండేది. నడిపేవాడు హైదరాబాదు మనిషి, మాకు సేటు. విజిట్ వీసా మీద రప్పించి, "వచ్చినంక పక్కా వీసా కొట్టిస్త, ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆ పక్కా వీసా ఎప్పటికీ రాలేదు. ఉన్న వీసా గడువు తీరేవేళకు మమ్మల్ని వ్యాన్‌లో ఎక్కించి ఒమాన్ సరిహద్దుకు పంపేవాడు. దేశం నుంచి బయటికి వెళ్లినట్టు ముద్ర వేయించుకుని, అవతల కూర్చుని, కొత్త వీసా ఫోన్‌లోకి రాగానే మళ్లీ లోపలికి రావాలి. పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చే ప్రయాణం.

ఆ రోజు కోసం మేం ఎదురుచూసేవాళ్లం, అదీ మా బతుకు. కార్ఖానాకు కిటికీలుండేవి కావు. సరిహద్దు దారిలో ఆకాశం కనిపించేది, చెట్టన్నది లేని ఎర్రటి కొండలు కనిపించేవి. అవతల చిన్న బజారుండేది. సాంబ్రాణి, హల్వా, పిల్లల బట్టలు బేరమాడుకుంటూ తిరిగేవాళ్లం. దొంగ వీసా బతుకును పండగలా చేసుకున్నాం.

నా పక్క చట్రం మీద ఏటూరునాగారం దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒకామె పనిచేసేది. నాకంటే చాలా పెద్దది. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. భర్త పోయాక బిడ్డ, అల్లుడి దగ్గర ఉంటూ, వాళ్లకు బరువు కాకూడదని బయల్దేరిందట. నేను మొదట్లో ఏడ్చిన రాత్రులు నా తల నిమిరింది ఆమే.

మూడోసారి సరిహద్దుకు వెళ్లినప్పుడు అక్క ఒక రగ్గు కొన్నది. పెద్ద గులాబీ పువ్వులున్న మందపాటి రగ్గు.

"మనుమనికి. చలికాలం అడివి దిక్కు ఎట్లుంటదో నీకు తెల్వదు చెల్లె, ఎముకలు కొరుకుతది" అంది.

"ఇంత బరువు రూంల యాడ పెడ్తవక్కా?"

"నెత్తి కింద పెట్టుకుంట తియ్."

బజారు తిరిగొచ్చి హోటల్ ముందు కూర్చున్నాం. ఒక్కొక్కరి ఫోన్‌కూ వీసా వస్తోంది. నాకూ వచ్చింది. అక్కకు రాలేదు. ఎండ వాలింది. మిగతావాళ్లు వ్యాన్ ఎక్కేశారు. డ్రైవర్ అక్క ముఖం చూడకుండా నాతో, "ఆమెకు రాదు. మీరెక్కండి" అన్నాడు.

నేను సేటుకు ఫోన్ చేసి, అక్కకు వినపడేలా స్పీకర్ పెట్టాను.

"ఆమెకు సూపు ఆనుతలేదమ్మా. పూసలు వంకర పోతున్నయ్. మస్కట్‌కెల్లి హైదరాబాదుకు టికెట్ తీసిన. మా మనిషి వచ్చి విమానమెక్కిస్తడు" అన్నాడు, సరుకు తిప్పి పంపుతున్నంత తేలిగ్గా.

"గా ముచ్చట పొద్దుగాల చెప్పద్దా సేటూ? బట్టలన్ని రూంలనే ఉన్నయి గద!"

"చెప్తే ఏడుస్తది, లొల్లి చేస్తది. అందరి పని ఖరాబైతది. నువ్వు బండెక్కు. ఎక్కకపోతే నీ వీసా గూడ క్యాన్సిల్ చేపిస్త."

ఫోన్ పెట్టేశాడు. నేను ఎక్కనని అక్కడే కూర్చున్నాను. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. అక్క ఏడవలేదు. కొండల వైపు చూస్తూ, "ఇంటికి పొమ్మని ఒక్క మాటంటే నేనే పోదును గద. నన్ను బజారుకు తోల్కపోయినట్టు తోల్కొచ్చి ఇడిసిపెట్టిండు" అంది. తర్వాత లేచి నా రెక్క పట్టుకుని వ్యాన్ దాకా నడిపించింది.

"నువ్వు పో. నీకు పిల్లలున్నరు. నా పెట్టె జర పైలం."

వ్యాన్ కదిలేసరికి ఆమె ఆ రగ్గు సంచీ మీద కూర్చుని ఉంది. లోపలికి వచ్చే చోట కళ్లు మిషన్‌కు చూపించాలి. నా కళ్లు తడిగా ఉండి మిషన్ పట్టుకోలేదు. తుడుచుకుని రమ్మని అక్కడి ఆఫీసరు సైగ చేసింది.

గదికి చేరేసరికి అక్క మంచం మీద కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కొత్తామె కూర్చుని అన్నం తింటోంది. మధ్యాహ్నమే దిగిందట. అక్క పెట్టె, చెప్పులు తలుపు బయట ఉన్నాయి. అంటే మేం బజారులో రగ్గు బేరమాడుతున్నప్పుడే ఇక్కడ ఆమె పక్క ఎత్తేశారు.

ఆ పెట్టె తెచ్చి నా మంచం కింద పెట్టుకున్నాను. నా వీసా గడువు దగ్గర పడ్డప్పుడు సేటు మళ్లీ వ్యాన్ సిద్ధం చేశాడు. నేను సరిహద్దుకు పోనని, హైదరాబాదుకు టికెట్ కావాలని అందరి ముందూ అన్నాను. రెండు రోజులు తిట్టాడు, తర్వాత తీసిచ్చాడు. నా బట్టలు కొన్ని అక్కడే వదిలేసి అక్క పెట్టె తెచ్చాను.

హనుమకొండలో బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. అక్క వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. నన్ను చూసి నవ్వలేదు. పెట్టె అందుకుని, లోపలికి తీసుకెళ్లి నీళ్లిచ్చి, మెల్లగా చెప్పింది. "కట్టుబట్టలతోని, గా రగ్గొక్కటి పట్టుకొని వచ్చిన గద, నేనేదో దొంగతనం జేస్తె ఎల్లగొట్టిన్రని ఊరోళ్లు అనుకుంటాన్రు. అల్లుడు గూడ గట్లనే అనుకుంటాండు. ఎవలకని చెప్పుకోను?"

అల్లుడు పొలం నుంచి వచ్చేదాకా కూర్చున్నాను. జరిగిందంతా మొదటి నుంచి చెప్పాను. అతను తల వంచుకుని విని, "ఏ తప్పు లేకుంట ఎవలన్న గట్ల ఇడిసిపెడ్తరా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "ఇడిసిపెట్టిండు. నేను కండ్లార చూసిన" అన్నాను. అతను లేచి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

బస్టాండు దాకా అక్క నాతో వచ్చింది. దారిలో అడిగింది.

"నా జాగల వచ్చినామె మంచిగ చేస్తాందా?"

"చేస్తాంది."

"మరి ఆమెకు చెప్పినవా, నాకు జరిగింది?"

"చెప్పినక్కా. నమ్మలే. సేటు పక్కా వీసా కొట్టిస్తనన్నడట."

బస్సు వచ్చింది, ఎక్కాను.