ఆ కాలేజీ వద్దన్నాను

నలభై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అబద్ధాలు నాకు కొత్తేమీ కావు. చాలా చెప్పాను, చాలావరకు ఎవరికీ నష్టం లేనివి. చికాగోలో సగం మేడలు నేనే కట్టించానని చెప్పుకునేవాణ్ణి. సగం కాదు లెండి. ఒక్కటీ కట్టించలేదు. ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో ప్లాన్లకు కాపీలు తీసే మిషన్ దగ్గర పనిచేసేవాణ్ణి. సాయంత్రానికి చొక్కా అంతా ఆ మిషన్‌లో వాడే అమ్మోనియా కంపు. ఎవరైనా ముక్కు చిట్లిస్తే, "సైటు వాసన" అనేవాణ్ణి.

కానీ ఈ ఒక్క అబద్ధం వేరు. దీన్ని ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

డెబ్బైల చివర్లో చికాగో శివార్లలోని షామ్‌బర్గ్ చుట్టుపక్కల తెలుగువాళ్లం కొద్దిమందిమే. ఆదివారం ఎవరో ఒకరింట్లో భోజనాలు. కారు కొనాలన్నా, పిల్లల్ని ఏ స్కూల్లో వేయాలన్నా, అందరికంటే ముందు ఈ దేశం వచ్చినవాణ్ణి అడగడం మా అలవాటు. ఆ స్కూలుకే ఫోన్ చేసి కనుక్కోవచ్చన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. అందరికంటే ముందు వచ్చినవాణ్ణి నేను. అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పేవాణ్ణి, తెలిసినా తెలియకపోయినా.

దగ్గర్లోని కాలేజీలో సాయంత్రాలు పాఠాలు చెబుతానని కూడా చెప్పాను. నిజానికి అక్కడ నేను విద్యార్థిని. ఒక కట్టడానికి ఎంత సరుకు పడుతుందో లెక్కవేయడం నేర్పే క్లాసు అది. మేష్టారు పాతకాలపు వడ్రంగి. ఇండియాలో నేను పెద్ద ఇంజనీర్‌నని మొదటిరోజే ఆయన దగ్గర కోతలు కోశాను. పరీక్షలో ఒక మెట్లవరస బొమ్మ ఇచ్చి, కాంక్రీటు ఎంత పడుతుందని అడిగాడు. నేను రాసిన కాంక్రీటుతో మెట్లేమిటి, ఇల్లే కట్టొచ్చు. ఫెయిలయ్యాను. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఎనభైల మొదట్లో రాజ్యలక్ష్మి వచ్చింది. అసలు పేరు కాదు, మార్చి రాస్తున్నాను. నా స్నేహితుడు మూర్తి భార్య. కాకినాడ పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, పెళ్లికి ముందు రెండేళ్లు కాలవ పనులు చూసిన మనిషి. ఇక్కడ బ్యాంకులో కాగితాలు సర్దుతోంది. నిర్మాణంలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చేసి, సైటు సూపర్‌వైజర్ కావాలని ఆవిడ కోరిక. ఒక ఆదివారం సరదాకి, ఆ మెట్ల లెక్కే ఇచ్చాను, నా క్లాసులో నేనే ఇచ్చేదన్నట్టు. సరుకుల సంచీ మీద పెన్సిల్‌తో చేసేసింది. నా కాఫీ ఇంకా వేడిగానే ఉంది. భేష్ అని అందరికీ వినపడేలా మెచ్చుకున్నాను.

మరుసటి వారం మొగుడూ పెళ్లాం ఇద్దరూ రెండు అప్లికేషన్లతో వచ్చారు. నాలుగు మూలలా పసుపు రాసి ఉంది. ఒకటి ఆ కాలేజీది. రెండోది చెప్పుల దుకాణం పైన కొత్తగా వెలిసిన, చేతిపనులు నేర్పే ఒక ట్రేడ్ స్కూల్‌ది.

"అన్నయ్యగారూ, ఏది మంచిదో మీరే తేల్చండి. దాని మీద నా పేరు మీ చేత్తో రాయండి, కలిసొస్తుంది" అంది.

మూర్తి నవ్వాడు. "గురువుగారు పాఠాలు చెప్పే కాలేజీ ఉండగా ఇంకా తేల్చేదేమిటే! రోజూ ఆయన కార్‌లోనే దిగిపోవచ్చు, మనకి పెట్రోలు ఖర్చు మిగులుతుంది."

"నేనక్కడ మానేశానోయ్. స్టాండర్డ్ పడిపోయింది. పైగా ఆడవాళ్లని సైట్‌కి తీసుకెళ్లరు."

"బ్రోషర్‌లో ఒకమ్మాయి హెల్మెట్ పెట్టుకుని ఉందే?"

"బ్రోషర్‌లో ఉంటుందమ్మా. లోపల ఉండదు. నేను చూశాను కదా."

ఆవిడ ఒక్క క్షణం ఆ బొమ్మ వైపు చూసింది. "సరే. మీరెలా చెబితే అలాగే."

ట్రేడ్ స్కూల్ కాగితం లాక్కుని, ఆవిడ పేరు పెద్దక్షరాల్లో రాశాను. చెయ్యి వణికిందని రాస్తే బాగుంటుంది. వణకలేదు. అందంగానే వచ్చింది.

ఆ స్కూలిచ్చే డిగ్రీ ఎక్కడా చెల్లదని మా ఆఫీసు ఇంజనీర్లు నవ్వుకోవడం అంతకు కొన్నాళ్ల ముందే విన్నాను. నా మిషన్ పక్కనే నిలబడి నవ్వారు.

మరి ఎందుకు చేశాను? ఆవిడ ఆ కాలేజీకి వెళ్తే మొదటిరోజే నా బండారం బయటపడుతుందని భయం. అంతేనా? ఆ సరుకుల సంచీ మీది లెక్క గుర్తొచ్చినప్పుడు అంతే కాదేమో అనిపిస్తుంది. నేను చేయలేనిది ఆవిడ నవ్వుతూ చేసింది. అది నాకు గుచ్చుకుందా? గుచ్చుకుంటే ఆరోజు అంత గట్టిగా ఎందుకు మెచ్చుకున్నాను? ఎన్నోసార్లు తవ్వి చూశాను. ఒకరోజు భయం అనిపిస్తుంది, ఇంకోరోజు అసూయ. రెండిట్లో ఏదైతే నేను కాస్త మంచివాణ్ణి అవుతానో అని వెతుకుతున్నానేమో కూడా.

రెండేళ్లకి ఆవిడ చదువు పూర్తిచేసి, క్లాసులో ఫస్టు వచ్చింది. సైటు ఉద్యోగాలకి వెళ్తే ఆ డిగ్రీకి గుర్తింపు లేదన్నారు. నేను మొదట వద్దన్న కాలేజీకే వెళ్లి అడిగితే, చదివినదేదీ లెక్కలోకి రాదు, మళ్లీ మొదటినుంచి చదవమన్నారు. అప్పటికి రెండోసారి కడుపుతో ఉంది. తిరిగి బ్యాంకులో చేరింది.

ఎవరింట్లోనో భోజనాల దగ్గర తనే ఈ సంగతి చెప్పి, నా మొహం చూసి ఓదార్చింది. "మీరు మాత్రం ఏం చేస్తారు అన్నయ్యగారూ. మీరు కనుక్కున్నప్పుడు బాగానే ఉండి ఉంటుంది."

"అవునమ్మా, అప్పట్లో చాలా బాగుండేది" అన్నాను. అని, మారు పులిహోర వడ్డించుకున్నాను.

ఆవిడ బ్యాంకులోనే రిటైరైంది. ఎక్కడైనా కొత్త భవనం లేస్తుంటే కారు నెమ్మది చేయించి చూస్తుందని మూర్తి నవ్వుతూ చెబుతాడు. నేనూ నవ్వుతాను. ఇప్పుడు చెబితే ఆవిడకి ఏం ఒరుగుతుంది, ఉన్న గౌరవం కూడా పోతుంది అనుకుని ఇన్నేళ్లు ఊరుకున్నాను. ఎవరి గౌరవమో మాత్రం నన్ను నేను అడగలేదు.

మీతో చెబుతుంటే గుండె కొంచెం తేలికపడుతోంది. తేలికపడే హక్కు నాకుందో లేదో తెలియదు. ఇది ఆవిడ చదువుతుందో, చదివితే గుర్తుపడుతుందో అదీ తెలియదు.

రాజ్యలక్ష్మీ, నేను ఆ కాలేజీలో ఎన్నడూ పాఠాలు చెప్పలేదమ్మా. అది మంచి కాలేజీ. నీకు బాగా సరిపోయేది.