ధర పెరిగాక కొన్న యాన్యువల్ పాస్

2023 మార్చి చివరి వారం. నాగర్‌కర్నూల్ బస్టాండు ఎదుటి సందులో నా ఆన్‌లైన్ సర్వీస్ సెంటర్ పెట్టి అప్పటికి తొమ్మిదేళ్లవుతోంది. బస్సు టికెట్లు, రైలు రిజర్వేషన్లు, పరీక్ష ఫీజులు, కాలేజీ దరఖాస్తులు మా రోజువారీ పని. ఎండలు ముదిరితే వీటికి తోడు హైదరాబాద్ శివార్లలో నీటి ఆటలుండే థీమ్ పార్కుల టికెట్లు కూడా వస్తాయి. పిల్లలకు ఒంటిపూట బళ్లు మొదలైతే చాలు, తల్లిదండ్రులు ఫోన్లలో ఆఫర్లు పట్టుకుని దుకాణానికి వస్తారు.

ఈ పార్కుల ధరలు ఏడాది పొడుగునా ఒకేలా ఉండవు. సెలవులకు ముందు పెరుగుతాయి, వానలు పడ్డాక తగ్గుతాయి. యాన్యువల్ పాస్ అంటే ఒకసారి కొని ఏడాదిలో ఎన్నిసార్లయినా వెళ్లగలిగే కార్డు. మా వైపు దాన్ని అడిగేవాళ్లు దాదాపు లేరు. మూడు గంటలు బస్సులో కూర్చుని ఏడాదికి ఎన్నిసార్లు పోతారు? ఆ తొమ్మిదేళ్లలో నేను అమ్మినవి రెండే, రెండూ హైదరాబాద్‌లో ఇళ్లున్న వాళ్లకు. అందుకే కోడేరు నుంచి వచ్చిన మనిషి యాన్యువల్ పాస్ అడిగినప్పుడు, ఒకరోజు టికెట్‌ను పాస్ అంటున్నాడేమో అనుకున్నాను.

అతని పేరు ఆంజనేయులు. నలభైకి కొంచెం తక్కువ వయసు. కోడేరులో బోరు మోటార్లు రిపేరు చేస్తాడు. కాలిపోయిన మోటార్లకు రాగి తీగ మళ్లీ చుట్టే పని. గోళ్ల చుట్టూ వార్నిష్ మరకలు ఉన్నాయి. ఫోన్ నా ముందు పెట్టి, ఏప్రిల్ ఒకటి నుంచి ధర పెరుగుతుందని రాసున్న మెసేజ్ చూపించాడు. నాలుగు రోజులే గడువుంది. తనకొకటి, కూతురికొకటి, రెండు పాసులు కావాలన్నాడు.

ఎన్నిసార్లు వెళ్తారని అడగడం నా అలవాటు. పాస్ గిట్టుబాటు కావాలంటే కనీసం నాలుగుసార్లు వెళ్లాలి. మా వ్యాపారంలో దీన్ని బ్రేక్ ఈవెన్ అంటాం. అతను ఆలోచించకుండానే, ఏడాదికి ఇరవై నాలుగు సార్లు అన్నాడు.

అప్పుడు విషయం చెప్పాడు. భార్య సుజాతది ఉప్పునుంతల. గొడవలై, కూతురిని తీసుకుని హైదరాబాద్‌లోని అన్న ఇంటికి వెళ్లిపోయింది. పదహారు నెలలైంది. విడాకుల కేసు నడుస్తోంది. నెలకు రెండు ఆదివారాలు, పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా, జనం తిరిగే చోట బిడ్డను కలవవచ్చని కోర్టు ఆ వారమే చెప్పింది. హైదరాబాద్‌లో అతనికి ఇల్లు లేదు, చుట్టాలు లేరు. ఏడు గంటలు పిల్లను ఎక్కడ కూర్చోబెట్టాలి, ఏం తినిపించాలి అని వారమంతా ఆలోచించి, చివరికి ఈ పార్కు పట్టుకున్నాడు.

ఇరవై నాలుగు సార్లంటే నా లెక్క ప్రకారం ఆలోచించడానికి ఏమీ లేదు. వెంటనే కొనాలి. అయితే అతను తెచ్చిన ఆఫర్‌ను మొత్తం చదివితే అది వీక్‌డే పాస్ అని తేలింది. సోమవారం నుంచి శుక్రవారం దాకానే పనికొస్తుంది. ఆ మాట చెప్పాను.

"నాకు కోర్టు ఇచ్చిందే ఆదివారం గద మేడం," అన్నాడు.

అన్ని రోజులూ చెల్లే పాస్ వేరే ఉంది. దాని ధర ఎక్కువే, అదీ ఏప్రిల్ ఒకటి నుంచి పెరుగుతుంది. అదే తీసుకుంటానన్నాడు. నేను ఫారం తెరిచి అతని వివరాలు నింపాను. తర్వాత కూతురి పేరు, అక్షయ. వయసు తొమ్మిది నడుస్తోంది. ఆ కింద ఎత్తు అడుగుతారు. ఈ పార్కుల్లో పిల్లల టికెట్‌ను వయసుతో కాదు, ఎత్తుతో లెక్కగడతారు. గేటు దగ్గర గోడకు కొలత గీత ఉంటుంది. పిల్ల ఆ గీత దాటితే పెద్దవాళ్ల ధర.

"పిల్ల ఎత్తెంత అన్నా?"

అతను లేచి నిలబడి, చేతిని నడుము పట్టీ దగ్గర పెట్టాడు. కాసేపు చూసి ఇంకాస్త పైకి జరిపాడు. తర్వాత చెయ్యి కిందికి దించేశాడు.

"తెల్వదు మేడం. నేను జూసినప్పుడు గింత ఉండె."

వయసును బట్టి అందాజాగా రాయొచ్చు, చాలామంది అలాగే రాయిస్తారు. తేడా వస్తే గేటు దగ్గర ఆపి మిగతా డబ్బు కట్టించుకుంటారు. ఆ మాటా చెప్పాను. పిల్ల చూస్తుండగా తనను గేటు దగ్గర ఆపడం అతనికి ఇష్టం లేదు. తల్లిని అడగమన్నాను. పదహారు నెలలుగా ఇద్దరి మధ్యా వకీళ్లే మాట్లాడుకుంటున్నారని, తన నంబరు చూస్తే ఆమె ఎత్తదని చెప్పి వెళ్లిపోయాడు.

మరునాడు పొద్దున దుకాణం తెరిచేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్నే ఫోన్ చేయమన్నాడు. కస్టమర్ల ఇంటి విషయాల్లో నేను తలదూర్చను. అన్ని సర్టిఫికెట్లు, కాగితాలు చేతుల మీదుగా పోయే పనిలో ఉన్నప్పుడు ఆ దూరం ఉండాలి. కానీ ఆ రోజు ఫారం పూర్తి కావాలంటే వేరే దారి లేదు. దుకాణం నంబరు నుంచి చేశాను.

సుజాత ఎత్తింది. నేనెవరో, ఎందుకు చేస్తున్నానో చెప్పి, పాప ఎత్తూ ఒక ఫోటో కావాలన్నాను. పిల్లను పిలిచి గోడకు నిలబెడుతున్న చప్పుడు వినిపించింది. నాలుగడుగుల మూడంగుళాలని చెప్పింది. ఆ పార్కుకు ఒకరోజు టికెట్టేనా అని అడిగింది. ఏడాది పాస్ అన్నాను.

"ఏడాదికా? ముందుగాల ఒక్కపారి రమ్మనండి మేడం. పిల్లకు నీళ్లంటే భయం. ఆయనకు తెల్వదు."

నేను ఫోన్ ఆంజనేయులుకు ఇచ్చాను. ఇవ్వాలా వద్దా అని ఆలోచించి ఉంటే ఇచ్చేదాన్ని కాదేమో. అతను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఎప్పటి సంది?" అని అడిగాడు.

పోయినేడు బడి వాళ్లు ఈతకు తీసుకుపోయినప్పటి నుంచి అని ఆమె చెప్పి ఉంటుంది, ఎందుకంటే అతను ఏ బడి, ఎంత లోతు, మునగబోతే ఎవరు బయటికి తీశారు అని ఒకదాని వెంట ఒకటి అడిగాడు. మూడు నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నారు. గొడవ పడలేదు. చివర్లో ఆమె, కోర్టు కాగితంలో ఉంది కాబట్టి పంపుతాను గానీ పిల్ల రానంటే బలవంతం చేయనని అన్నదట. ఫోన్ పెట్టేశాక అతనే నాకు చెప్పాడు.

ఇంకా మూడు రోజులు గడువుంది. "మీరైతే ఏం జేస్తరు మేడం?" అని అడిగాడు.

మా వృత్తిలో దీనికి సిద్ధంగా ఉండే జవాబే చెప్పాను. పాస్‌కు యాక్టివేషన్ పీరియడ్ ఉంటుంది. అంటే కొన్న రోజు నుంచి కాకుండా, మొదటిసారి గేటు దాటిన రోజు నుంచి ఏడాది మొదలవుతుంది. ఆ మొదటి రోజు కొన్న తొంభై రోజుల్లోపు ఉంటే చాలు. కాబట్టి పాత ధరకే కొని పెట్టుకుంటే నష్టం లేదు. అయితే కొన్నాక డబ్బు వాపసు ఉండదు.

అతను ఏప్రిల్ రెండో ఆదివారానికి రెండు ఒకరోజు టికెట్లు తీయమన్నాడు. తీశాను. తప్పు చేస్తున్నాడని నాకు గట్టిగా అనిపించింది. ఏప్రిల్ ఒకటిన ధర పెరిగింది.

ఆ ఆదివారం ఎలా గడిచిందో తర్వాతి టికెట్లకు వచ్చినప్పుడు చెప్పాడు. మేనమామ పిల్లను గేటు దగ్గర దింపి వెళ్లాడట. పిల్ల భుజానికి బడి సంచీ లాంటిది తగిలించుకుని, రోజంతా దాన్ని తీయలేదట. ఇతను టికెట్ డబ్బు వృథా పోకూడదని, ఏ ఆట తర్వాత ఏది ఎక్కాలో కాగితం మీద రాసుకుని వెళ్లాడు. రెండో దానికే పిల్లకు వాంతి అయింది. నీళ్లవైపు అసలే రానంది. మూడు గంటలకు ఇంటికి పోతానని అడిగింది.

వేరే చోటు చూసుకోమన్నాను. పార్కులో ఏ ఆటా ఆడనప్పుడు అంత ఖర్చెందుకు? జూ ఉంది, మ్యూజియం ఉంది. అతను వినలేదు. అక్కడ చెట్ల నీడ ఉందని, ఆడవాళ్ల మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయని, పిల్లకు దారులు గుర్తున్నాయని చెప్పాడు. ఈసారి ఏమీ ఎక్కమనను అన్నాడు.

మే, జూన్ నెలల్లో అదే నడిచింది. రెండు వారాలకోసారి వచ్చి రెండు టికెట్లు తీసుకునేవాడు. నేను అడక్కపోయినా ఒకటి రెండు మాటలు చెప్పేవాడు. ఒకసారి పిల్ల మొక్కజొన్న కంకి తింటూ బడి సంగతులు చెప్పిందన్నాడు. ఇంకోసారి, అలలు వచ్చే కొలను అంచున కాళ్లు తడుపుకుందన్నాడు. "కాళ్లే మేడం, గంతే," అని తనే తగ్గించి చెప్పుకున్నాడు. ఆ నాలుగైదు సార్ల టికెట్లకే రెండు పాసుల ధర దాటిపోయిందని నాకు తెలుసు. చెప్పలేదు.

జూలై మొదట్లో వచ్చి, ఇప్పుడు పాసులు చేయమన్నాడు.

అది మా లెక్కలో అన్నిటికన్నా చెడ్డ సమయం. ధర అప్పటికింకా వేసవిదే. వానలకు జనం తగ్గగానే పార్కు వాళ్లు మాన్‌సూన్ ఆఫర్ పెడతారు. అంతకుముందు రెండేళ్లూ జూలై ఆఖర్లో పెట్టారు. మూడు వారాలు ఆగితే మార్చి ధర కంటే తక్కువకు రావచ్చని చెప్పాను. మార్చిలో కొనమన్నప్పుడు కొనలేదు, ఇప్పుడు ఆగమంటే ఆగడం లేదు అని కొంచెం కటువుగానే అన్నాను.

అతను నొచ్చుకోలేదు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"కార్డు మీద పిల్ల పేరు, ఎప్పటిదాంక నడుస్తదో తారీఖు ఉంటదట గద మేడం?"

ఉంటుందన్నాను. ఇద్దరి ఫోటోలు కూడా ఉంటాయి.

ప్రతి ఆదివారం సాయంత్రం గేటు దగ్గర వదిలేటప్పుడు పిల్ల ఒకటే అడుగుతుందట, మళ్లీ వస్తావా అని. వస్తానంటే తల ఊపుతుంది గానీ నమ్మినట్టు ఉండదట. మొన్న వేరే ఎవరో పిల్ల మెడలో కార్డు చూసి అదేమిటని అడిగిందట. ఏడాదంతా రావడానికి అని ఇతను చెప్తే, మనకూ ఉంటుందా అందట.

"ఇగ మూడు వారాలు ఆగుమంటే, నడుమ ఒక ఆదివారం వస్తది మేడం. మళ్ల గదే అడుగుతది."

నేను పాసులు చేశాను. ఎత్తు అడిగే చోట అతనే చెప్పాడు, నాలుగడుగుల నాలుగు. కార్డుల ప్రింట్లు తీసి లామినేషన్ చేసి ఇచ్చాను. అనుకున్నట్టే ఆ నెలాఖరుకు ఆఫర్ వచ్చింది. ఆ మెసేజ్ అతని ఫోన్‌కూ వెళ్లే ఉంటుంది. నా దగ్గర ఆ ప్రస్తావన ఎప్పుడూ తేలేదు.

తర్వాతి ఏడాది అతను నా దుకాణానికి తక్కువే వచ్చాడు. పాస్ చేతిలో ఉంది కదా. కరెంటు బిల్లు పనికో, ఆధార్ మార్పుకో వచ్చినప్పుడు అడిగితే చెప్పేవాడు. పాస్ వచ్చాక రోజంతా ఉండాలన్న తొందర పోయిందట. కొన్ని ఆదివారాలు రెండు గంటలు కూర్చుని, బయట ఏదైనా తిని వచ్చేవారట. మేనమామ బదులు సుజాతే పిల్లను దింపడం మొదలుపెట్టింది. వాళ్లిద్దరూ కలిసిపోయారా అని ఈ సంగతి విన్నవాళ్లు అడుగుతారు. లేదు. విడాకులు అయిపోయాయి. గేటు దగ్గర నిలబడి ఫీజుల గురించి, జ్వరం గురించి మాట్లాడుకునేంత వరకు వచ్చారు, అంతే.

పాస్ గడువు ముగిసే ముందు రెన్యువల్ నోటీసు వచ్చింది. పాత పాస్ ఉన్నవాళ్లకు తగ్గింపు ధర, వారం రోజులే. ఫోన్ చేసి చెప్పాను. వద్దన్నాడు. సుజాత ఒప్పుకుందట, దసరా సెలవులకు పిల్ల కోడేరు వస్తుందట. మోటారు విప్పితే లోపల ఏముంటుందో చూస్తానందట.

ఇప్పటికీ మార్చి వస్తే జనం ఫోన్లు పట్టుకుని వస్తారు. ఇప్పుడు కొనాలా, ఆగాలా అని అడుగుతారు. ధరలు ఎప్పుడు పెరుగుతాయో, ఎప్పుడు తగ్గుతాయో నేను చాలావరకు సరిగ్గానే చెప్పగలను. ఆంజనేయులుకూ రెండుసార్లు సరిగ్గానే చెప్పాను. రెండుసార్లూ అతను వినకపోవడమే మంచిదైంది. మొదటిసారి సుజాత మాట, రెండోసారి పిల్ల మాట విన్నాడు. అందుకే ఇప్పుడు ధర చెప్పేముందు, ఎవరితో వెళ్తున్నారు, వాళ్లను చూసి ఎన్నాళ్లైంది అని అడుగుతున్నాను. టికెట్లమ్మే దానికి ఇవన్నీ ఎందుకని కొందరు విసుక్కుంటారు. కొందరు కుర్చీ లాక్కుని కూర్చుంటారు.