మగ్గాలు ఆగిన మాట

ఓబులేష్ చేతిలోని మైకును భూపేష్ లాగేసుకున్నది నేతగాళ్ల వీధి మలుపులో, పట్టపగలు, ఆడవాళ్లు బిందెలతో నిలబడి చూస్తుండగా. కోడుమూరుకు కాస్త దూరంలో ఉన్న ఆ ఊరికి భూపేష్ అప్పట్లో సర్పంచి. ఆ రోజు కొత్త కొళాయి ప్రారంభం. ఊళ్లో ఏ చాటింపు ఉన్నా ఆటోలో మైకు పట్టుకునేది ఓబులేషే. చదవమని అతనికి ఇచ్చిన కాగితంలో "జలదాత భూపేషన్న మనకు పెట్టిన నీళ్ల భిక్ష" అని ఉంది. ఆ మాట అతని గొంతు దాటలేదు. "మన నీళ్లు మన వీధికి వచ్చినాయి. పైపు వేయించింది భూపేషన్న" అన్నాడు.

"నా ఆటో ఎక్కి నా పేరు చివర్లో చెప్తాండావేమిరా? దిగు" అన్నాడు భూపేష్. మైకు ఆపలేదు కాబట్టి ఆ మాట ఊరంతా విన్నది.

భూపేష్ కప్పిన కండువా మెడలో వేలాడుతుండగానే ఓబులేష్ ఇంటికి నడిచిపోయాడు. ఆ అవమానం ఒళ్లంతా మండించింది. కానీ అతను మరిచిపోలేనిది వేరే ఉంది. 'మన నీళ్లు' అన్న మరుక్షణం వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి.

ఆ వీధిలోకి మైకు వస్తే ఎవరూ గడప దాకా రారు. కాళ్లు మగ్గం కింది గుంతలో, చేతులు మగ్గం మీద. ప్రచారానికి వచ్చినవాళ్లు ఇక్కడ వినేవాళ్లే లేరనుకుని వెళ్లిపోతారు. ఓబులేష్ పెరిగింది ఆ గుంత పక్కనే. మాట తగిలితే మగ్గంలో నూలు మోసుకుపోయే నాడె ఆగుతుందని, తగలకపోతే టకటక సాగుతూనే ఉంటుందని అతనికి తెలుసు. పొగడ్తకు మగ్గం ఆగగా అతను ఎన్నడూ వినలేదు.

ఆ తర్వాత భూపేష్ కక్ష తీర్చుకున్నాడు. కొళాయికి నీళ్లు వదిలే ట్యాంకు వాల్వు తాళంచెవి తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. నూలుకు గంజి పెట్టే నీళ్లకైనా ఆయన గుమ్మం ముందు నిలబడాల్సిందే. భూపేష్ వాళ్లుండే రైతుల వీధివాళ్లూ నీళ్ల కోసం అక్కడికే రావాలి, కాకపోతే వాళ్లకు కూర్చోడానికి అరుగు మీద చోటు దొరికేది.

ఎన్నికలు వచ్చాయి. సర్పంచి పదవి మహిళలకు కేటాయించారు. భూపేష్ తన భార్య యామినిని నిలబెట్టాడు. నేతగాళ్లు ఓబులేష్ వదిన శివలీలను నిలబెట్టారు. ఓడిపోతే ఆ వీధికి చుక్క నీరు రాదని అందరికీ తెలుసు. పక్కింటి లక్ష్మన్న, భూపేష్‌ను నీళ్ల దొంగ అని మైకులో తిట్టమని పట్టుబట్టాడు. ఓబులేష్ ఒప్పుకోలేదు. ఆ మాటకు మన వీధి చప్పట్లు కొడుతుంది, రైతుల వీధి తలుపులు వేసుకుంటుంది, అంతటితో ఎన్నిక ముగుస్తుంది అన్నాడు.

శివలీల మాత్రం ఊరికి సేవ చేస్తానని చెప్పడం నేర్చుకుంటోంది.

"సేవ అనే మాట వద్దు వదినా. సేవ చేస్తామన్నోళ్లంతా మనతో మొక్కించుకున్నోళ్లే. పని చేస్తా అను."

"పని అంటే ఓట్లు పడతాయా ఓబులేసూ?"

"మనం బతికేది దాంతోనే కదా. మనోళ్లకు తెలిసిన మాట."

మన నాయకుల నోట్లో ఇవ్వడం తప్ప ఇంకో మాట పలకదు, ఏదో తమ జేబులోంచి తీసి ఇస్తున్నట్టు. భూపేష్ ఆటో రోజంతా ఇచ్చాం, ఇస్తాం అని తిరిగింది. ఓబులేష్ తన కాగితంలో ఆ మాటను ఒక్కచోట కూడా రానివ్వలేదు. రైతుల వీధిలో ఆటో ఆపించి, గొంతు పెంచకుండా, ఇంట్లోవాళ్లతో చెప్పినట్టే చెప్పాడు.

"మన నీళ్లు. ఎవరి ఇంటి ముందరా నిలబడే పని లేదు. శివలీలక్క గెలిస్తే వాల్వు తాళంచెవి పంచాయతీ ఆఫీసు గోడకు, అందరికీ కనపడేట్టు ఉంటాది."

అరుగు మీద పేపరు చదువుతున్న భూపేష్ సొంత చిన్నాన్న ఆ పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. ఓబులేష్‌కు అది చాలు. రైతుల వీధిలో మగ్గాలు లేవు గానీ, ఆగడమంటే ఏమిటో అతనికి తెలుసు.

శివలీల గెలిచింది. రైతుల వీధి ఓట్లు లేకుండా వచ్చే గెలుపు కాదది. ఫలితం వినగానే ఓబులేష్ ఆటోలో నేతగాళ్ల వీధికి వచ్చాడు. అతను నోరు తెరవకముందే వీధంతా నిశ్శబ్దం. ఒక్క మగ్గం కూడా ఆడటం లేదు. "తాళంచెవి వచ్చేసింది" అన్నాడు, అంతే. ఒక ఇంట్లో నాడె కదిలింది, పక్కింట్లో కదిలింది, చూస్తుండగానే వీధి మొత్తం ఒక్కసారిగా మోగింది. మైకు గొంతు ఆ మోతలో కలిసిపోయింది. ఓబులేష్ నవ్వుతూ దాన్ని ఆపేశాడు.

భూపేష్ అతనికి చివరిసారి ఎదురుపడింది కోడుమూరు బస్టాండులో. మండలం ఎన్నికల్లో నిలబడాలని ఉందట. టీ తెప్పించి పక్కన కూర్చోబెట్టుకుని, తన ఆటో ఎక్కమని అడిగాడు. ఏమి చదవాలో నువ్వే రాసుకో, నా పేరు చివర్లో చెప్పినా సరే అన్నాడు.

ఓబులేష్ నిదానంగా టీ తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"నేనెందుకన్నా? మా వీధిలోకి నువ్వే వచ్చి, 'మన నీళ్లు' అని నీ నోటితో ఒక్కసారి అను. మగ్గాలు ఆగినాయంటే, నేనే వచ్చి నీ ఆటో ఎక్కుతా."